వయ్యారిభామతో జాగ్రత్త!



వయ్యారిభామ! పేరు వింటే ఏ నాటకంలోనో పాత్ర అనుకుంటాం. గాలి వీస్తే సన్నని కొమ్మలు అటూ ఇటూ ఊగుతూ, కొసల నిండా ముత్యాలు చల్లినట్లు చిన్న చిన్న తెల్లపూలతో నిలబడి ఉంటుంది కనుక ఎవరో సరసులు ఆ పేరు పెట్టి ఉంటారు. పేరుకు తగ్గట్టు ముచ్చటగానే ఉంటుంది. పిల్లలు కోసుకొచ్చి బొమ్మల పెళ్లికి అలంకరిస్తారు. కొందరు ఇల్లాళ్లు గాజుసీసాలో పెట్టి బల్లమీద ఉంచుతారు. పూలగుత్తుల్లో గులాబీల నడుమ ఖాళీ నింపడానికి వాడటమూ కద్దు. కాని అందానికి మోసపోకండి. మనిషికీ, పశువుకీ, పైరుకీ ఒక్కసారే కీడు చేసే కలుపుమొక్క ఇది. దీన్ని ఎలా గుర్తుపట్టాలి, ఎలా వదిలించుకోవాలి అన్న విషయం మీతో నాలుగు మాటలు చెబుతాను.

"పిచ్చిమొక్కను పీకడానికి కూడా ఒక ప్రసంగమా? పట్టుకుని లాగితే సరిపోదూ!" అని మీరు నవ్వుకోవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. ఎప్పుడు పీకాలి, ఎలా పీకాలి, ఎవరిచేత పీకిస్తున్నాం – ఈ మూడూ చూసుకోకుండా పీకితే మొక్క పోదు సరికదా, పీకినవారి ఒళ్లు పాడవుతుంది.

ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు. శాస్త్రజ్ఞులు దీన్ని పార్థీనియం హిస్టిరోఫోరస్ అంటారు. పుట్టిల్లు మెక్సికో, ఆ చుట్టుపక్కల అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. మన దేశంలో 1955 ప్రాంతాల్లో పూణే దగ్గర కనబడింది. 1956లో శాస్త్ర పత్రికలో దీన్ని గురించి రాశారు. అమెరికా నుంచి దిగుమతి అయిన గోధుమలతో కలిసి విత్తనం వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలుస్తారు. ఆ పాలన రోజుల్లో వచ్చింది గనుక అని కొందరు, తెల్లటోపీలు పెట్టుకున్నట్లు పూలుంటాయి గనుక అని కొందరు ఆ పేరుకి కారణం చెబుతారు. మహారాష్ట్రలో దీన్ని గాజర్ గవత్, అనగా క్యారెట్ గడ్డి అంటారు. గడ్డి అన్న మాట వాడుకలో వచ్చిందే గాని, ఇది గరిక జాతిదీ కాదు, దర్భ జాతిదీ కాదు. మన చామంతి, బంతి, పొద్దుతిరుగుడు ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. మంచి కుటుంబంలో పుట్టిన దుష్టురాలు అనుకోండి!

ఇక గుర్తుపట్టడం. ఈ మొక్కకు రెండు రూపాలున్నాయి. పసితనంలో ఒకటి, వయసు వచ్చాక ఒకటి. చాలామందికి రెండో రూపమే తెలుసు. కాని మనకు అక్కరకు వచ్చేది మొదటిదే.

మొలకెత్తిన కొద్ది రోజులకు ఆకులన్నీ నేలకు అంటుకుని, గుండ్రంగా, చక్రంలా పరుచుకుంటాయి. నడుమ కాండం కనబడదు. ఆకు అంచులు లోపలికంటా చీలి, క్యారెట్ ఆకునో, చామంతి ఆకునో తలపిస్తాయి. ముట్టుకుంటే సన్నని నూగు తగులుతుంది. అయితే మీరు ముట్టుకోనక్కరలేదు, చూస్తే చాలు. ఈ దశలోనే చాలామంది పొరబడతారు. మా వీధిలో ఒక ఇల్లాలు కుండీలో తనంతట తాను మొలిచిన ఈ మొక్కను చామంతి నారు అనుకుని, రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసి, ఎండ తగలకుండా నీడకు జరిపి నెల రోజులు పెంచింది. తీరా పూశాక చూస్తే వయ్యారిభామ! ఆవిడ కుండీకి పెట్టిన శ్రద్ధ చూసి, తమకూ రెండు పిలకలు ఇమ్మని ఇరుగుపొరుగు అడిగి ఉన్నారట కూడా.

తరువాత నడిమి నుంచి కాండం లేస్తుంది. నిలువునా గాళ్లు పడినట్లు చారలుంటాయి. పైకి పోయేకొద్దీ కొమ్మలు చీలుతూ మూడు నాలుగు అడుగుల ఎత్తు, నేల సత్తువైనదైతే ఇంకా పైకి పెరుగుతుంది. కింద తల్లివేరు లోతుగా దిగుతుంది. మొలిచిన నెల, నెలన్నరకే పూత మొదలవుతుంది. పువ్వు ఆవగింజకు కాస్త పెద్దదిగా, తెల్లగా, అయిదు మూలలతో ఉంటుంది. ఆ అయిదు మూలలనే గుర్తుపెట్టుకోండి. ఒక్కొక్క మూలకు ఒక్కొక్క విత్తనం చొప్పున ఒక పువ్వుకు అయిదు విత్తనాలు తయారవుతాయి. ఒక మొక్కకు పూలు వేలల్లో ఉంటాయి. బాగా పెరిగిన మొక్క ఒక్కటే పదిహేను వేల విత్తనాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రాలుస్తుంది. రాలిన విత్తనం తడి తగిలితే చాలు, మళ్లీ మొలుస్తుంది. మట్టిలో కూరుకుపోయినది కొన్నేళ్లపాటు ప్రాణంతో ఉంటుంది. పూత వచ్చాక పీకినవారు మొక్కను పీకుతున్నామనుకుంటారు. నిజానికి దులిపి, విత్తనాలు చల్లుతున్నారన్నమాట!

ఇక్కడ పండుగ విషయం ఒకటి చెప్పాలి. వినాయకచవితి పూజకు ఇరవైయొక్క పత్రిలో మాచిపత్రి మొదటిది. చవితి వచ్చేది వానల మధ్యలో, సరిగ్గా ఈ మొక్క ఏపుగా ఉండే రోజుల్లో. రెండింటి ఆకులూ దూరం నుంచి ఒకే తీరుగా కనబడతాయి. పత్రి కోసుకు రమ్మని పిల్లల్ని పంపితే రోడ్డు పక్కన దొరికిన దీన్ని చేతినిండా తెస్తారు. బజారులో కట్టల్లోనూ కలిసి వస్తుంటుంది. తేడా తెలుసుకోవడం తేలికే. మాచిపత్రి ఆకును తిరగేస్తే అడుగున తెల్లగా బూడిద పూసినట్లు ఉంటుంది, దగ్గరకు తీసుకుంటే మంచి వాసన వస్తుంది. వయ్యారిభామ ఆకు రెండువైపులా ఒకే పచ్చదనం, ఆ పరిమళం ఉండదు. అనుమానం కలిగితే ఆకును నలిపి చూడకండి, తిప్పి చూడండి. మాచిపత్రి దొరకకపోతే ఒక అక్షత వేసి నమస్కారం పెట్టుకోండి. స్వామి ఏమీ అనుకోడు.

మరి దీనివల్ల కీడేమిటి? ఈ మొక్క ఆకుల్లో, పూలలో, ఒంటిమీది నూగులో పార్థీనిన్ అనే పదార్థం ఉంది. అది చర్మానికి పడదు. దురద, దద్దుర్లు, పొక్కులు, ఆపైన చర్మం మందమై నల్లబడి పగలడం – ఇవి లక్షణాలు. ముఖ్యంగా కనురెప్పలమీద, మెడ మడతల్లో, మోచేతుల లోపలివైపున కనిపిస్తాయి. మొక్కను ముట్టుకోకపోయినా, ఎండి పొడి అయిన రేణువులు గాలిలో వచ్చి పడినా చాలు. పుప్పొడి పీల్చితే తుమ్ములు, కళ్లు ఎర్రబడటం, ముక్కు కారడం; ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది. 1970లనాటికే పూణేలో ఈ చర్మవ్యాధితో వచ్చే రోగుల్ని గురించి వైద్యులు రాశారు. 1975లో కర్ణాటకలో దీన్ని హానికరమైన కలుపుగా చట్టరీత్యా ప్రకటించారు.

ఇందులో ఒక మోసం ఉంది. చాలామందికి మొదటిసారి ముట్టుకుంటే ఏమీ కాదు. రెండోసారీ కాదు. "నేను ఎన్నేళ్లుగానో పీకుతున్నాను, నాకేం కాలేదు" అని ధీమాగా చెబుతారు. కాని ఒళ్లు లోపల్లోపల లెక్క పెట్టుకుంటూనే ఉంటుంది. ఒకనాడు దద్దురు లేస్తుంది. ఒకసారి పడకపోవడం మొదలైతే, ఆ తరువాత కొద్దిపాటి రేణువు సోకినా తిరగబెడుతుంది. ఏటా వానాకాలం వచ్చిందంటే బాధ మొదలు. అప్పుడు మందుల షాపులో అడిగి ఏదో ఆయింట్‌మెంటు తెచ్చి పూసుకోవడం ఇంకో పొరపాటు. వాటిలో చాలా వాటిని డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి కొత్త జబ్బు వస్తుంది. దురద తగ్గకపోతే చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. వెళ్లినప్పుడు, "మా ఇంటి పక్కన ఈ మొక్కలున్నాయి" అన్న సంగతి మాత్రం మరువకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యుడికి సగం దారి దొరుకుతుంది.

పాడి ఉన్నవారికి ఒక హెచ్చరిక. పశువులు మామూలుగా దీన్ని వాసన చూసి వదిలేస్తాయి. కరువు రోజుల్లో, పచ్చిక లేనప్పుడు, కోసిన గడ్డిలో కలిసి వచ్చినప్పుడు తింటాయి. తింటే నోట పుండ్లు పడతాయి, చర్మం పాడవుతుంది, పాలు చేదెక్కుతాయి. పెరట్లో కూరగాయలు వేసుకునేవారికి ఇంకొకటి. ఈ మొక్క వేళ్లనుంచి, రాలి కుళ్లిన ఆకులనుంచి దిగే రసాలు పక్క విత్తనాల్ని సరిగా మొలవనివ్వవు. దీని పుప్పొడి టమాటా, మిరప, వంగ పూలమీద పడితే కాయ పట్టడం తగ్గుతుందని పరిశోధకులు గమనించారు. పాదులో ఎరువు వేసినా కాపు లేదని విచారించేవారు ఒకసారి గోడ అవతల ఏముందో తొంగిచూడండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎవరిచేత పీకిస్తున్నాం? మనలో చాలామంది స్వయంగా పీకం. దొడ్డి బాగుచేయడానికి ఒక కూలిమనిషిని పిలుస్తాం. ఆమె ఉత్త చేతులతో, మోకాళ్లమీద కూర్చుని, ముఖానికి ఆనుకునేంత దగ్గరగా మొక్కల్ని లాగుతుంది. లాగిన వాటిని మోపుకట్టి నెత్తిన పెట్టుకుని దిబ్బ దాకా మోస్తుంది. సాయంత్రం, "చేతులు మండుతున్నాయమ్మగారూ, కాస్త కొబ్బరినూనె ఇప్పిస్తారా" అంటుంది. "ఎండకు అలాగే ఉంటుందిలేమ్మా" అని నూనె చుక్క ఇచ్చి పంపుతాం. మర్నాడు ఆమె వేరే ఇంటికో, పొలంలో కలుపుకో పోవాలి. పోకపోతే కూలి లేదు. చేతులు పగిలితే గిన్నెలు తోమలేదు, కారం నూరలేదు, బిడ్డకు అన్నం కలిపి పెట్టలేదు. మన దొడ్డి శుభ్రమైంది, ఆమె చేతులు పోయాయి. ఇది న్యాయమంటారా? ఒక జత రబ్బరు తొడుగుల ధర మనం పండక్కి కొనే పూలమాల ధరకన్నా తక్కువే ఉంటుంది. పని చెప్పేముందు పనిముట్టు ఇవ్వడం మన విధి. ఆమెకు ముందే దద్దుర్లు ఉన్నాయంటే ఆ పని చెప్పకండి, వేరే పని చెప్పండి, కూలి తగ్గించకండి.

సరే, పీకే పద్ధతి చెబుతాను, వివరంగా గుర్తుంచుకోండి.

మొదటిది, అదను. వాన వెలసిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు, మొక్క ఇంకా పూతకు రాకముందు పీకాలి. చక్రంలా పరుచుకున్న దశలో అయితే మరీ మంచిది.

రెండోది, ఒంటికి రక్షణ. చేతులకు రబ్బరు తొడుగులు, అవి లేకపోతే మందపాటి ప్లాస్టిక్ సంచులు మణికట్టు దాకా కట్టుకోవాలి. పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు చెప్పులు, ముక్కుకూ నోటికీ అడ్డంగా గుడ్డ. పిల్లల్నీ, ఉబ్బసం ఉన్నవారినీ ఆ దగ్గరకు రానివ్వకూడదు.

మూడోది, వేరుతో సహా తీయడం. కొడవలితో పైపైన కోస్తే మొదలునుంచి పక్క పిలకలు వేసి, వారం పది రోజుల్లో మళ్లీ పూస్తుంది. గునపంతోనో, పారతోనో వేరు కింద మట్టి కదిలించి లాగండి.

నాలుగోది, పీకినదాన్ని ఏం చేయాలి? పూత రాని మొక్కలైతే పేడ, మట్టి, చెత్త పొరలు పొరలుగా వేసి గుంటలో మగ్గబెడితే మంచి ఎరువవుతుంది. పూత, గింజ ఉన్న మొక్కల్ని మాత్రం ఎరువు గుంటలో వేయకండి. గింజ చావకుండా మళ్లీ మీ మళ్లలోకే వస్తుంది. అక్కడికక్కడే సంచిలో దులపకుండా వేసి, లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. ఇళ్ల మధ్య తగలబెట్టవద్దు, ఆ పొగ ఎవరికీ మంచిది కాదు.

అయిదోది, పని అయ్యాక. తొడుగులు, బట్టలు విడిగా ఉతకాలి. సబ్బుతో స్నానం చేయాలి. పని చేసిన మనిషికీ సబ్బు, నీళ్లు మన ఇంటే ఇవ్వాలి. ఆ బట్టలతోనే ఇంటికి వెళ్లి చంటిబిడ్డను ఎత్తుకోకుండా ఉంటుంది.

రోడ్ల అంచున, ఖాళీ స్థలాల్లో పీకలేనంత ఉంటే ఉప్పునీళ్లు పనికొస్తాయి. లీటరు నీటికి 200 గ్రాముల కల్లుప్పు చొప్పున కరిగించి, ఎండ బాగా ఉన్న రోజున, మొక్క అంతా తడిసేటట్లు చల్లాలి. పూతకు ముందైతేనే ఫలితం. అయితే ఇది పైరు నేలల్లోనూ, పూలమొక్కల పక్కనా చేయకూడదు సుమండీ! ఉప్పు దిగిన నేలలో మంచి మొక్కా బతకదు. కలుపు మందులూ ఉన్నాయి గాని, 2,4-డి వంటివి గాలికి కొట్టుకుపోయి పక్కనున్న పత్తిమీద, టమాటామీద పడితే ఆ పైరు ముడుచుకుపోతుంది. ఏ మందు, ఎంత మోతాదు అన్నది వ్యవసాయాధికారిని అడిగి, ఆయన చెప్పినట్లు చేయడమే క్షేమం.

ప్రకృతిలోనూ దీనికి శత్రువులున్నారు. మెక్సికో నుంచే ఒక చిన్న పెంకుపురుగును తెప్పించి, పరీక్షించి, 1984లో బెంగళూరులో వదిలారు. దాని పేరు జైగోగ్రామా. మీగడ రంగు వీపుమీద ముదురు గోధుమరంగు చారలతో కందిగింజంత ఉంటుంది. వానాకాలంలో వయ్యారిభామ ఆకుల్ని జల్లెడలా తినేస్తుంది, ఎండలు ముదిరితే మట్టిలో దూరి నిద్రపోతుంది. అది పొద్దుతిరుగుడుమీద కనబడిందని ఒకప్పుడు రైతులు కంగారుపడ్డారు. నిపుణులు విచారించి, ఆ పైరుకు దీనివల్ల ముప్పు లేదని తేల్చారు. కనుక ఈ పురుగు మీ వీధిలో కనబడితే చంపకండి, అది మన పక్షం. అలాగే తగిరిస, తంగేడు, బంతి వంటివి దీనితో పోటీపడి చోటు ఆక్రమిస్తాయి. తొలకరికి ముందు ఖాళీ జాగాలో ఆ విత్తనాలు చల్లండి. నేల బోడిగా ఉంటే వయ్యారిభామ వస్తుంది. మంచి మొక్క ఉన్న చోట దానికి చోటు దొరకదు.

ఇంట్లోకి ఎలా వస్తుందో కూడా తెలిసి ఉండాలి. ఇల్లు కట్టేటప్పుడు నింపడానికి తోలిన మట్టితో, మాగని పశువుల ఎరువుతో, నర్సరీ నుంచి తెచ్చిన కుండీతో, బండి చక్రాలకు అంటిన బురదతో, వాననీటి వరదతో వస్తుంది. కొత్త మట్టి తోలించినా, కొత్త కుండీ తెచ్చినా రెండు నెలలపాటు దానిమీద ఒక కన్ను వేయండి. చక్రంలాంటి ఆకులు కనబడగానే తీసేయండి.

చివరగా ఒక మాట. ఈ మొక్కను ఒక్క ఇంటివారు వదిలించుకోలేరు. మీ దొడ్డి అద్దంలా ఉన్నా, పక్క ఖాళీ స్థలంలో పది మొక్కలు పూస్తే మీ శ్రమంతా గాలికి పోతుంది. వీధంతా ఒకే రోజు కదలాలి. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థవారు ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా ఈ కలుపు గురించి అవగాహన వారం జరిపిస్తున్నారు. కాని మన దగ్గర అప్పటికి చాలా మొక్కలు పూతకు వస్తాయి. కనుక మనం తొలకరి పడిన మూడు వారాలకే ఒక ఆదివారం పెట్టుకుందాం. మహిళా సంఘంవారు ఒక పూట కూడండి. సంఘం సొమ్ములోంచి పది జతల తొడుగులు కొని ఉంచితే ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరుగుతాయి. బడి ఆవరణ, అంగన్‌వాడీ చుట్టూ, చేతిపంపు దగ్గర, గుడి వెనక – పిల్లలు ఆడే చోట్లు ముందు చూడండి. స్థలం యజమాని ఊళ్లో లేకపోతే పంచాయతీకో, మునిసిపాలిటీకో అందరూ కలిసి అర్జీ పెట్టండి. ఒక్కరు అడిగితే పక్కన పెడతారేమో గాని, ఇరవై సంతకాలు ఉంటే చూడకతప్పదు. ఒక ఏడు పీకి ఊరుకోకండి. నేలలో మిగిలిన గింజలు మళ్లీ మొలుస్తాయి కనుక వరసగా నాలుగైదేళ్లు పట్టుపట్టాలి. ఏడాదికేడాదికి పని తేలికవుతుంది.

మూడే మూడు మాటలు గుర్తుంచుకోండి: పూతకు ముందు, తొడుగుతో, అందరూ కలిసి. ఈ వానలకు మీ వీధిలో ఆ అయిదు మూలల తెల్లపువ్వు పూయకుండా చూస్తారని ఆశిస్తూ, సెలవు తీసుకుంటున్నాను.